బెర్లిన్ జీతం, జ్యూరిక్ ఖర్చు: ఒక కుటుంబం లెక్క

ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఉద్యోగం మీద వెళ్లేవాళ్లకు జీతాలు, ఖర్చులు సరిపోల్చి చెప్పడం నా వృత్తి. కంపెనీలు అడిగితే వాళ్లకు చేస్తాను, కుటుంబాలు అడిగితే వాళ్లకూ చేస్తాను. ఇది 2025లో ఒక కుటుంబం కోసం చేసిన పని. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. మనుషులను పోల్చుకునే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను, వాళ్ల సొంత అంకెలను గుండ్రం చేశాను.

భార్యాభర్తలు, ఐదేళ్ల పాప, రెండేళ్ల బాబు. ఉండేది బెర్లిన్‌లో. భర్త సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, ఏడాదికి 75,000 యూరోల గ్రాస్ జీతం, అంటే పన్నులు, కోతలు పోకముందు లెక్క. భార్య ఒక డిజైన్ సంస్థలో పార్ట్‌టైమ్ చేస్తోంది. భర్త పనిచేసే కంపెనీయే జ్యూరిక్ ఆఫీసుకు రమ్మంది. అక్కడ జీతం 1,25,000 స్విస్ ఫ్రాంకులు. ఆఫర్ లెటర్‌తో పాటు ఒక పేజీ లెక్క కూడా పంపారు. వాళ్లు వాడే జీవన వ్యయ సూచీ ప్రకారం జ్యూరిక్ బెర్లిన్ కంటే 65 శాతం ఖరీదు. 75,000 యూరోలను ఫ్రాంకుల్లోకి మారిస్తే సుమారు 70,500. దాన్ని 1.65తో హెచ్చవేస్తే 1,16,000 పైచిలుకు. ఆఫర్ అంతకంటే ఎక్కువే కాబట్టి ఈ ఉద్యోగి బెర్లిన్‌లో కంటే మెరుగ్గానే బతుకుతాడని ఆ పేజీ చెబుతోంది.

కూడికలు, గుణకారాల్లో తప్పేమీ లేదు. సూచీ కూడా పేరున్నదే. భర్తకు నమ్మకం కుదిరింది, భార్యకు కుదరలేదు. నా దగ్గరకు రావాలన్నది ఆమె ఆలోచనే. ఆమె వేసిన మొదటి ప్రశ్న ఇది: "ఈ 65 శాతంలో డేకేర్ ఉందా?"

ఈ కేసు మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

సూచీలో ఎవరి ఇల్లు ఉంది

నగరాల జీవన వ్యయ సూచీలు చాలా ఉన్నాయి. ఒక్కోటి ఒక్కో పనికి పుట్టింది. ఐక్యరాజ్యసమితి తన ఉద్యోగుల కోసం న్యూయార్క్‌ను 100గా పెట్టుకుని మిగతా చోట్లకు జీతం సర్దుబాటు లెక్క కడుతుంది. యూరోపియన్ యూనియన్ తన సిబ్బందికి బ్రస్సెల్స్‌ను ప్రమాణంగా పెట్టుకుంది. దేశాల మొత్తం ధరల స్థాయిని పోల్చే పని 1968లో ఐక్యరాజ్యసమితి, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం కలిసి మొదలుపెట్టిన అంతర్జాతీయ పోలిక కార్యక్రమానిది. ఇప్పుడు దాన్ని ప్రపంచ బ్యాంకు సమన్వయం చేస్తోంది. 2024 మేలో వచ్చిన దాని ఫలితాల్లో 176 ఆర్థిక వ్యవస్థల లెక్కలున్నాయి. ఇక కంపెనీలు డబ్బు కట్టి తెప్పించుకునే సర్వేలు వేరు, జనం తమకు తెలిసిన ధరలు నింపే వెబ్‌సైట్లు వేరు.

వీటన్నిటిలోనూ ఒక బుట్ట ఉంటుంది, అంటే ధరలు పోల్చడానికి ఎంచుకున్న వస్తువులు, సేవల జాబితా. ఆ బుట్ట ఎవరిదన్నదే అసలు సంగతి. విదేశాల నుంచి పెద్ద ఉద్యోగం మీద వచ్చేవాళ్ల బుట్ట ఒకటి, సగటు స్థానిక కుటుంబం బుట్ట ఇంకొకటి. రెండింటిలోనూ రెండేళ్ల బాబు ఉండాలన్న నియమమేమీ లేదు. కొన్ని సూచీలు అద్దెను కలపవు, దానికి వేరే అంకె ఇస్తాయి. కంపెనీ పంపిన పేజీలో అద్దె కలిపారా లేదా అన్న మాటే లేదు. రాసి అడిగితే కలపలేదని జవాబు వచ్చింది.

నేను సూచీలను తీసిపారేయను. స్విట్జర్లాండ్‌లో గృహ వినియోగ ధరలు యూరోపియన్ యూనియన్ సగటు కంటే సగానికి పైగా ఎక్కువని, జర్మనీ ఆ సగటుకు కాస్త పైన ఉందని ఆ యూనియన్ గణాంక సంస్థ యూరోస్టాట్ లెక్కలు ఏటా చూపిస్తున్నాయి. పచారీ సామాను, బట్టలు, మంగలి ఖర్చు, బయట భోజనం లాంటివాటికి ఆ అంకె బాగానే పనికొస్తుంది. ఈ కుటుంబం లెక్కలోనూ అలాంటి ఖర్చులన్నిటికీ దాన్నే వాడాను. చిక్కంతా మిగతా మూడింటితోనే: ఆరోగ్య బీమా, పిల్లల సంరక్షణ, అద్దె.

ఒక దేశంలో పన్ను, ఇంకో దేశంలో ధర

కంపెనీ లెక్కలో పెద్ద లోపం గ్రాస్ జీతాన్ని ధరల సూచీతో హెచ్చవేయడం. అది తెలిసినవాళ్లు గ్రాస్ వదిలేసి చేతికొచ్చే జీతాన్ని పోలుస్తారు. అదీ చాలదు. బెర్లిన్‌లో చేతికొచ్చే జీతమంటే అప్పటికే ఆరోగ్య బీమా కట్టేశాక మిగిలింది. జ్యూరిక్‌లో చేతికొచ్చే జీతంలోంచి ఆ బీమా ఇంకా కట్టాల్సి ఉంటుంది. పేరు ఒకటే గానీ సరుకు వేరు.

ఈ ఒక్క పద్దును విప్పి చూపిస్తాను. జర్మనీ ప్రభుత్వ బీమాలో చందా జీతంలో ఇంత శాతమని ఉంటుంది. సాధారణ రేటు 14.6 శాతం, దానిమీద బీమా సంస్థను బట్టి అదనపు చందా. రెండింటినీ ఉద్యోగి, యజమాని చెరి సగం భరిస్తారు. జీతం ఎంత పెరిగినా ఒక పరిమితి దాటాక చందా పెరగదు. 2025లో ఆ పరిమితి ఏడాదికి 66,150 యూరోలు. భర్త జీతం దాన్ని దాటింది కాబట్టి ఆయన వాటా ఏడాదికి సుమారు 5,650 యూరోలు. భార్య వాటా ఆమె జీతాన్ని బట్టి 2,800 దాకా. పిల్లలిద్దరికీ సున్నా, తల్లిదండ్రుల బీమాలోనే వాళ్లూ ఉంటారు.

స్విట్జర్లాండ్‌లో 1996 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ప్రతి మనిషికీ, పసిబిడ్డతో సహా, విడిగా పాలసీ ఉండాలి. దేశంలోకి వచ్చిన మూడు నెలల్లో తీసుకోవాలి. ప్రీమియానికి జీతంతో సంబంధం లేదు. వయసు, ఉండే ప్రాంతం, ఎంచుకున్న సంస్థ, పాలసీ రకం, ఇవే దాన్ని తేలుస్తాయి. యజమాని వాటా సాధారణంగా ఉండదు. 2025లో దేశం మొత్తం మీద పెద్దవారి సగటు ప్రీమియం నెలకు 449 ఫ్రాంకులు, పిల్లలది సుమారు 118. ఈ సగటుతోనే వేసుకున్నా నలుగురికీ నెలకు 1,130 ఫ్రాంకులు దాటుతుంది, ఏడాదికి 13,600. డాక్టరు దగ్గరకు వెళ్తే ముందు సొంత డబ్బు కొంత పెట్టాలి. పెద్దవాళ్లు దాన్ని 300 నుంచి 2,500 ఫ్రాంకుల మధ్య ఎంచుకుంటారు, ఎక్కువ ఎంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది. ఆ మొత్తం దాటాక కూడా బిల్లులో పదో వంతు, ఏడాదికి 700 ఫ్రాంకుల దాకా, మనదే. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రీమియంలో ప్రభుత్వ సాయం ఉంది గానీ ఈ ఆదాయానికి అది ఆశించలేం.

జర్మనీ పద్ధతి మంచిదా స్విస్ పద్ధతి మంచిదా అన్నది వేరే చర్చ. పెద్ద జీతం, పిల్లలు లేని జంట అయితే ఈ పద్దులో స్విట్జర్లాండ్ వాళ్లకు అంత భారం కాదు. ఇద్దరు పిల్లలు, మధ్యస్థ జీతం ఉన్నవాళ్లకు భారమే. ఒకే నగరం ఒక ఇంటికి చవక, పక్కింటికి ఖరీదు. దీన్ని ఒక్క సూచీ అంకెలో ఇరికించడం కుదరదు.

గణాంక నిపుణులకు ఈ తేడా ఎప్పటినుంచో తెలుసు. అందుకే దేశాలను పోల్చేటప్పుడు ఇళ్లవాళ్లు స్వయంగా కొన్నదాన్ని ఒక కొలతగా, దానికి ప్రభుత్వం వ్యక్తులకు అందించే వైద్యం, చదువు కలిపి వాస్తవ వ్యక్తిగత వినియోగం అని ఇంకో కొలతగా పెట్టుకున్నారు. ఒక దేశంలో బడి ఫీజు రూపంలో పోయేది మరో దేశంలో పన్ను రూపంలో పోతుంటే, ఇళ్ల ఖర్చును మాత్రమే పోల్చితే న్యాయం జరగదని వాళ్ల ఉద్దేశం. ఇంత జాగ్రత్తగా కట్టిన కొలతలు ఉన్నా, జీతాల బేరం దగ్గరికి వచ్చేసరికి ఒక శాతం అంకె మాత్రమే మిగులుతోంది. ఆ అంకె మీద కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేసి వెళ్తున్నాయి. నాకు ఈ వృత్తిలో అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

డేకేర్ దగ్గర తేడా ఇంకా పెద్దది. బెర్లిన్ రాష్ట్రం 2018 ఆగస్టు నుంచి బడి వయసుకు ముందున్న పిల్లలందరికీ డేకేర్ ఫీజు ఎత్తేసింది. 2025లో తల్లిదండ్రులు కట్టాల్సింది భోజనానికి పిల్లకు నెలకు 23 యూరోలు. ఇద్దరికీ కలిపి 46. జ్యూరిక్‌లో సబ్సిడీ రాని కుటుంబానికి రోజుకు 120 ఫ్రాంకులు దాటడం మామూలే. వారానికి నాలుగు రోజులు పంపితే నెలకు 2,000 ఫ్రాంకులకు పైనే. నగరం సబ్సిడీ ఇస్తుంది, అది కుటుంబ ఆదాయాన్ని బట్టి తగ్గుతూ పోతుంది. ఇద్దరూ సంపాదిస్తే దాదాపు పూర్తి ఫీజు పడుతుంది.

పాప సంగతి వేరు. జ్యూరిక్‌లో జూలై 31 నాటికి నాలుగేళ్లు నిండిన పిల్లలకు కిండర్‌గార్టెన్ తప్పనిసరి చదువులో భాగం, ఫీజు లేదు. కాకపోతే రోజంతా ఉండదు. మధ్యాహ్న భోజన వేళ, సాయంత్రం వేళ చూసుకునేందుకు డబ్బు కట్టాలి. అది డేకేర్ ఫీజులో నాలుగో వంతు దాకా తేలింది. అంటే బాబుకు నాలుగేళ్లు వచ్చే దాకా ఒక బరువు, ఆ తర్వాత బాగా తేలిక. లెక్క కాగితంలోని ఈ ఒక్క గీత ఫలితాన్ని తలకిందులు చేసింది. దానికి తర్వాత వస్తాను.

పిల్లల భత్యం రెండు చోట్లా ఉంది. 2025లో జర్మనీలో పిల్లకు నెలకు 255 యూరోలు, స్విట్జర్లాండ్‌లో కనీసం 215 ఫ్రాంకులు. ఇక్కడ పెద్ద తేడా లేదు.

అద్దె: పాత ఒప్పందం అనే ఆస్తి

ఈ కుటుంబం బెర్లిన్‌లో చాలా ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటోంది. జర్మనీలో ఉన్న అద్దెదారుకు అద్దె ఇష్టం వచ్చినట్టు పెంచడానికి లేదు. ఇళ్ల కొరత ఉన్న నగరాల్లో మూడేళ్లలో 15 శాతం మించకూడదు, బెర్లిన్ అందులో ఉంది. అందువల్ల వాళ్లు కట్టే అద్దెకు, అదే వీధిలో ఈరోజు కొత్తగా దిగేవాడు కట్టే అద్దెకు పొంతన లేదు. నగర సగటు అద్దెలు పాత, కొత్త ఒప్పందాలను కలిపేస్తాయి. జనం నింపే వెబ్‌సైట్లలో కొత్త ప్రకటనల ధరలే ఎక్కువ. ఈ ఇంటికి రెండూ వర్తించవు.

జ్యూరిక్‌లో వాళ్లు కొత్త అద్దెదారులు. 2024 జూన్ లెక్క ప్రకారం ఆ నగరంలో ఖాళీ ఇళ్లు 0.07 శాతం. అంటే వెయ్యి ఇళ్లలో ఒకటైనా ఖాళీ లేదు. అలాంటి చోట సగటు అద్దెను పట్టుకుని లెక్క కట్టడం వృథా. దొరికే ఇల్లు ఎంతకు దొరుకుతుందన్నదే లెక్క. నాలుగు గదుల ఇంటికి వాళ్ల బెర్లిన్ అద్దెకు రెండున్నర రెట్లు వేసుకున్నాం. నగరం బయట, రైలు దూరంలో ఉంటే రెండు రెట్లు.

ప్రకటనల్లో మరో మెలిక ఉంది. జర్మనీలో ముందు చెప్పేది చల్లటి అద్దె, అంటే నీళ్లు, హీటింగు, నిర్వహణ కలపనిది. పైగా చాలా ఇళ్లలో వంటగది సామాను కూడా ఉండదు, అద్దెకు దిగేవాడే పెట్టించుకోవాలి. స్విట్జర్లాండ్‌లో వంటగది ఇంటితోనే వస్తుంది. రెండు వైపులా అన్నీ కలిపిన అద్దెనే పక్కపక్కన పెట్టాం. డిపాజిట్ రెండు దేశాల్లోనూ గరిష్ఠంగా మూడు నెలల అద్దె. అద్దె పెద్దదైతే డిపాజిటూ పెద్దదే. మొదటి నెల అద్దె, సామాను రవాణా, డేకేర్ అడ్వాన్సు అన్నీ కలిసి మొదటి నెలకే ఖర్చు తడిసి మోపెడైంది. దాన్ని నెలసరి ఖర్చులో కలపకుండా వేరే కాగితం మీద పెట్టాం.

వెళ్లి రెండేళ్లకు తిరిగొస్తే పాత అద్దెకు ఇల్లు దొరకదు. పోలికలో ఈ నష్టాన్ని ఎవరూ వేయరు. నేను వేశాను. ఈరోజు బెర్లిన్ మార్కెట్ అద్దెకు, వాళ్ల అద్దెకు ఉన్న తేడాను తిరిగి వచ్చాక ప్రతి నెలా కట్టాల్సిన మొత్తంగా రాశాను. అది చూశాక భర్త కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఎవరి బుట్టతో కొలవాలి

ధరల సూచీల్లో పాత సమస్య ఒకటుంది. బెర్లిన్ అలవాట్లతో నింపిన బుట్టను జ్యూరిక్ ధరలకు కొంటే జ్యూరిక్ విపరీతమైన ఖరీదుగా కనిపిస్తుంది. జ్యూరిక్‌లో స్థిరపడ్డ కుటుంబం బుట్టను రెండు చోట్లా కొని చూస్తే తేడా తగ్గుతుంది. ఎందుకంటే మనిషి ధరను చూసి అలవాటు మార్చుకుంటాడు. మొదటి పద్ధతి 1871లో ఆర్థికవేత్త లాస్పెయిర్స్ చెప్పినది, రెండోది 1874లో మరో ఆర్థికవేత్త పాషే చెప్పినది. రెండింటి గుణోత్తర సగటు, అంటే రెండింటినీ హెచ్చవేసి తీసిన వర్గమూలం, తీసుకోమని ఆర్థికవేత్త ఫిషర్ వాదించాడు. అసలు పోల్చాల్సింది బుట్టల్ని కాదు, అదే స్థాయి సంతృప్తికి ఎంత ఖర్చవుతుందో పోల్చాలి అని 1924లో ఆర్థికవేత్త కొన్యూస్ రాశాడు. నూరేళ్లయినా మాట పాతబడలేదు.

ఈ కుటుంబంతో చేసిన పని చిన్నది. బ్యాంకు ఖాతాలో ఏడాది ఖర్చులు ముందు పెట్టుకుని ప్రతి గీత పక్కన ఒక ప్రశ్న: అక్కడ దీన్ని అలాగే చేస్తారా, తగ్గిస్తారా, మానేస్తారా? బయట భోజనం సగానికి తగ్గుతుందన్నారు. ఇంటి పనికి వచ్చే సాయం మానేస్తామన్నారు. ఈత, నడక, సరస్సు ఒడ్డు ఎక్కువవుతాయన్నారు, వాటికి ఖర్చు తక్కువ. పచారీ సామాను కోసం నెలకోసారి సరిహద్దు దాటి జర్మనీ వెళ్లొచ్చని భర్త అన్నాడు. 2025 జనవరి నుంచి పన్ను లేకుండా తెచ్చుకోగల సరుకు విలువను మనిషికి రోజుకు 300 ఫ్రాంకుల నుంచి 150కి తగ్గించారు. ఇద్దరు పిల్లల్ని వెంటేసుకుని రైల్లో సంచులు మోసే శనివారాన్ని కూడా ఖర్చుగానే రాయమన్నాను. ఆ గీత కొట్టేశారు.

మారకం రేటు గురించి ఒక్క మాట. 2011 సెప్టెంబరులో స్విస్ కేంద్ర బ్యాంకు యూరో విలువను 1.20 ఫ్రాంకుల కంటే కిందికి దిగనివ్వబోమని ప్రకటించింది. 2015 జనవరి 15న ఆ మాట వెనక్కి తీసుకుంది. ఆ ఉదయం ఫ్రాంకు ఎగిసిపడింది. జ్యూరిక్ దుకాణాల్లో ఆరోజు ఏ ధరా పెరగలేదు, అయినా ప్రపంచ ఖరీదైన నగరాల జాబితాల్లో స్విస్ నగరాలు పైకి పోయాయి. ఫ్రాంకుల్లో సంపాదించి ఫ్రాంకుల్లో ఖర్చు చేసేవాడికి దానితో పనిలేదు. యూరోల్లో అప్పు ఉన్నవాడికి మాత్రం పని ఉంది. వీళ్లకు బెర్లిన్‌లో ఇంకా కట్టాల్సిన లోను ఉంది. ఫ్రాంకు బలపడితే ఆ వాయిదా తేలికవుతుంది. అందుకే లోనును, పొదుపును మిగతా ఖర్చులతో కలపకుండా యూరోల్లోనే ఉంచి, రేటు అటూ ఇటూ పది శాతం కదిలితే ఏమవుతుందో చూశాం.

మూడు దారులు

పన్నులు, కోతలు, బీమా, అద్దె, పిల్లల సంరక్షణ, రోజువారీ ఖర్చులు పోయాక ఏడాదికి చేతిలో మిగిలేదాన్నే పోల్చాం. బెర్లిన్‌లో మిగిలేది 100 అనుకుంటే మూడు ఫలితాలు వచ్చాయి.

భార్యకు జ్యూరిక్‌లో ఉద్యోగం దొరక్కపోతే 45. డేకేర్ ఖర్చు లేకపోయినా అంతే. కంపెనీ పేజీ మెరుగైన బతుకని చెప్పింది ఈ పరిస్థితికే.

భార్య 80 శాతం ఉద్యోగం చేస్తే సుమారు 100. అక్కడ ఉద్యోగాల ప్రకటనల్లో 60 శాతం, 80 శాతం అని రాయడం మామూలు, 80 అంటే వారానికి నాలుగు రోజులు. ఆమె చేతికొచ్చేదాంట్లో సగానికి పైగా పిల్లల సంరక్షణకే పోతుంది. ఇద్దరూ ఇప్పటికంటే ఎక్కువ గంటలు పనిచేసి ఇప్పుడున్న చోటే ఉంటారన్నమాట. భర్త కాంట్రాక్టులో కూడా వారానికి 40 గంటల బదులు 42 అని ఉంది.

ఇక బాబు కిండర్‌గార్టెన్‌కు వెళ్లాక, భార్య అదే ఉద్యోగంలో ఉంటే, 150. మొదటి రెండేళ్లు ఈదగలిగితే ఆ తర్వాత లాభం.

వృత్తి పింఛను కోతను ఖర్చుగా వేయలేదు. స్విట్జర్లాండ్‌లో 35 నుంచి 44 ఏళ్ల మధ్య ఉన్నవారికి చట్టం లెక్కించే జీతంలో 10 శాతం ఆ ఖాతాలో పడుతుంది, కనీసం సగం యజమాని పెట్టాలి. అది పోయే డబ్బు కాదు, వాళ్ల పేర చేరే డబ్బు. వేరే గీతగా చూపించాం.

బేరం ఎలా సాగింది

ఈ కాగితం లేకుంటే భర్త జీతం పెంచమని అడిగేవాడు. కంపెనీ తన సూచీ చూపించి కాదనేది. పైగా పెంచిన జీతంలో కొంత పన్నుకే పోయేది. నా సలహా వేరు: కష్టం ఉన్నది రెండేళ్లకే కాబట్టి అడిగేదీ రెండేళ్లకే అడగండి.

అడిగినవి మూడు. బాబు కిండర్‌గార్టెన్‌లో చేరే దాకా డేకేర్‌లో సగం, ఇల్లు దొరికే దాకా తాత్కాలిక బస, భార్య ఉద్యోగ వెతుకులాటకు సాయం. డేకేర్ సాయం కూడా జీతం కిందికే వచ్చి పన్ను పడుతుందని ముందే లెక్కలో వేసుకున్నాం. శాశ్వతంగా జీతం పెంచడం కంటే రెండేళ్ల సాయం కంపెనీకీ తేలిక. మొదటిది పూర్తిగా ఒప్పుకున్నారు. బస రెండు నెలలకే ఇచ్చారు. మూడోదానికి ఒక ఏజెన్సీని పెట్టారు. జీతం పైసా పెరగలేదు.

భార్య మాత్రం ఒక షరతు పెట్టింది: తనకు ఆఫర్ చేతికొచ్చాకే భర్త సంతకం. ఈ కేసులో సరైన నిర్ణయం అదేనని నా అభిప్రాయం. 45కీ 100కీ మధ్య ఉన్న తేడా అంతా ఆమె జీతమే మరి. కంపెనీ గడువు పొడిగించింది, ఆమెకు నాలుగు రోజుల ఉద్యోగం దొరికింది. బెర్లిన్ ఇంటిని వదులుకోకుండా, ఇంటి యజమాని అనుమతితో ఏడాది పాటు వేరేవాళ్లకు ఇచ్చారు. పాత ఒప్పందం వాళ్ల పేరనే ఉంది.

ఇల్లు నగరంలో దొరకలేదు, రైలు దూరంలో దొరికింది. అందువల్ల అద్దె గీత మేం వేసినదాని కంటే కిందికి దిగింది, రైలు పాసు గీత పైకి పోయింది.

స్విస్ ప్రభుత్వం తర్వాతి ఏడాది ప్రీమియాలను సెప్టెంబరు చివర్లో ప్రకటిస్తుంది. 2026కి పెద్దవారి సగటు నెలకు 465 ఫ్రాంకులైంది. బీమా సంస్థ మారాలనుకుంటే రద్దు లేఖ నవంబరు 30లోగా అందాలి. వాళ్లు ప్రీమియాలు పోల్చుకుని పెద్దవాళ్లిద్దరి పాలసీలూ మార్చారు. భర్త సొంతంగా పెట్టుకునే మొత్తాన్ని 2,500కి పెంచుకున్నాడు, భార్య 300 దగ్గరే ఉంచుకుంది. ఆ కొత్త అంకెలతో కాగితం మళ్లీ రాసి పంపాను.